నాలుగు సూతుల నట్టు

మా నాన్న పోయిన నెలకి, అరకులో ఆయన షెడ్డు ఖాళీ చేయడానికి వెళ్ళాను. ఏడుపొస్తుందేమోనని అనంతగిరి ఘాటు పొడుగునా బస్సు కిటికీ పక్కన కూర్చుని ఎదురుచూశాను గానీ రాలేదు. షెడ్డుకి రెండు పక్కలా ఇప్పుడు బొంగు చికెన్ బళ్ళు, కాఫీ పొడి కొట్లు. అద్దాల రైలు దిగినవాళ్ళు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. తాళం తుప్పు పట్టి రాకపోతే పక్క కొట్టతను సుత్తితో కొట్టి తెరిచాడు. లోపల గోడ పొడుగునా ఆయన డబ్బాలు అలాగే ఉన్నాయి. పాలపొడి డబ్బాలు, డాల్డా డబ్బాలు, మీద ఎర్ర రంగుతో నా చేత రాయించిన అంకెలు. మూడు సూతులు, నాలుగు సూతులు, అయిదు సూతులు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చదువుకున్నవాళ్ళు అరంగుళం అనే దాన్ని పానా పట్టినవాళ్ళు నాలుగు సూతులంటారు. ఒక డబ్బా మూత తీసి చెయ్యి పెట్టాను. పాత గ్రీజు, కిరసనాయిలు, తుప్పు కలిసిన వాసన. అప్పుడు ఆ నేల మీదే కూర్చుని ఏడ్చాను. ఆయన కోసం మాత్రం కాదు.

మా నాన్న కోపిష్టి అంటే సరిపోదు. కోపిష్టులకి మధ్యమధ్యలో కోపం తగ్గుతుంది. విజయనగరం దగ్గరి పల్లెలో పుట్టి, కుర్రతనంలో రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుని, అక్కడ ఎవరితోనో తగువు పెట్టుకుని కొండెక్కాడు. కాఫీ పండ్ల తొక్క తీసే మిషన్లు, రంపం మిల్లులు, లారీలు, ఏది పాడైనా ఆయన దగ్గరికే రావాలి, ఆయన తిట్లు తినాలి. నాకు అయిదో ఏట అమ్మ జ్వరంతో పోయింది. నన్ను పెంచింది నాయనమ్మ. ఆవిడ తెల్లారి పొయ్యి ముట్టించే ముందు గుమ్మంలో కూర్చుని అడ్డపొగ కాల్చేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, ఆ పొగ మధ్య నుంచే నాకు పనులు పురమాయించేది. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, మధ్యాహ్నం అన్నం. ఒంటిగంటకి నాన్న వచ్చి చేతులు ముందు కిరసనాయిల్లో, తర్వాత రంపపు పొట్టుతో, ఆఖర్న బూడిదతో కడుక్కునేవాడు. అంత కడిగినా అన్నంలో కిరసనాయిలు వాసనే. ఆయన తింటున్నంతసేపూ ఇంట్లో గిన్నె చప్పుడవకూడదు. ఉప్పు తగ్గితే కంచం గోడకి తగిలేది. నాయనమ్మ కొడుకుని ఏమీ అనకుండా నా వైపు తిరిగి, “గుంటా, ఎత్తు” అనేది. నేను ఎత్తేదాన్ని.

ఆయన గొంతు కాస్త మెత్తబడేది ఒక్క విషయంలోనే, మరల విషయంలో. బోల్టు మీద మెలిక తిరిగిన గాడినే మర అంటారు. అన్నం తిన్నాక వేళ్ళ మధ్య ఒక బోల్టు తిప్పుతూ చెప్పేవాడు. ఒకప్పుడు ఏ కొలిమివాడు చేసిన బోల్టుకి వాడి నట్టే. పక్క ఊరి నట్టు ఎక్కదు. బోల్టు పోతే మిషను మొత్తం దాన్ని చేసినవాడి దగ్గరికి మోసుకుపోవాలి. అప్పుడు ఇంగ్లాండులో ఒక దొర ఊరూరి వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, పళ్ళు లెక్కపెట్టి, వంపు కొలిచి, ఇకనుంచి అందరూ ఇలాగే కొయ్యండని ఒక పద్ధతి పెట్టాడు. పంటి కోణం యాభై అయిదు డిగ్రీలు. అమెరికావాడు నీ మాట నేనెందుకు వినాలని అరవై పెట్టాడు. తర్వాత పెద్ద యుద్ధంలో ఇద్దరూ ఒకే పక్షం. ఒకడి ఫిరంగికి రెండోవాడి బోల్టు పట్టదు. అప్పుడు గానీ బుద్ధొచ్చి కూర్చుని మాట్లాడుకోలేదు. ఇదంతా ఎవరి దగ్గర విన్నాడో నాకు తెలీదు. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం ఆయన నన్ను మనిషిలా చూసేవాడు. అందుకే నేను మరలు నేర్చుకున్నాను. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఆ రెండేళ్ళూ డబ్బాల పని నాదే. కళ్ళు మూసుకుని గోరు గీసి ఇది ఏ మరో చెప్పేదాన్ని.

ఆ కథ చివరికొచ్చేసరికి గొంతు మళ్ళీ మారిపోయేది. చివర మిల్లీమీటరు ఉంది మరి. దేశం అంగుళాలు వదిలేసి అప్పటికి చాలా ఏళ్ళయింది. కొత్త బళ్ళన్నీ మిల్లీమీటరు బోల్టులతోనే కొండెక్కుతున్నాయి. నాన్న అవి షెడ్డులోకి రానివ్వలేదు. “సైకిలు సీలలకి తప్ప దేనికీ పనికిరావవి. నా పానాలు మార్చుకోమంటారేటి, నిన్న పుట్టిన ఆపీసర్లు?” అనేవాడు. ఆయన భయం నాకిప్పుడు తెలుస్తోంది. చేతికొచ్చిన విద్య మొత్తం ఒక కాగితంతో పాతబడిపోయింది. తెలుస్తోంది గానీ క్షమించలేను.

షెడ్డులో మూడో మనిషి బుద్రయ్య. పాడేరు వైపు కొండ మీద పల్లె వాళ్ళది. అప్పటికి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏ వర్క్‌షాపులోనూ నేర్చుకోలేదు, మా నాన్న తిట్లలోంచి ఏరుకుని నేర్చుకున్నాడు. లేతు మీద మర కోస్తుంటే మిషను శబ్దం బట్టి పళ్ళ లోతు చెప్పేవాడు. మిల్లీమీటరు బోల్టులు ఎక్కడెక్కడివో తెచ్చుకుని, గుడ్డలో మూట కట్టి, షెడ్డు బయట పనస చెట్టు కింద పెట్టుకునేవాడు, నాన్న కంటపడకుండా. డ్రైవర్లు వచ్చి నాన్నతో మాట్లాడుతూనే కళ్ళతో బుద్రయ్యని వెతికేవాళ్ళు. అది నాన్నకి గిట్టేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ గిట్టేది కాదు. నేను గోరుతో చెప్పేది అతను చూపుతో చెప్పేవాడు.

ఆ రోజు గురువారం. మర్నాడు సంత. ఘాటులో సంతకి మనుషుల్ని ఎక్కించే అప్పన్న అనే డ్రైవరు మధ్యాహ్నం జీపు తెచ్చాడు. ముందు చక్రం పైన కమాను కట్టల్ని ఇరుసుకి పట్టి ఉంచే యూ ఆకారపు బోల్టులుంటాయి. వాటి నట్టులు రెండు ఎక్కడో ఊడి పడిపోయాయి. నాన్న ఇంట్లో అన్నం తింటున్నాడు. అప్పన్న తాళం బుద్రయ్య చేతిలో పెట్టి, “బేగి సూడు బావా, నానూ రెండు ముద్దలు తినొత్తాను” అని పోయాడు. కాసేపటికి నాన్న వచ్చి బండి కిందకి దూరాడు. బోల్టు పన్నెండు మిల్లీమీటర్లది. మా డబ్బాల్లో ఆ నట్టు లేదు. బుద్రయ్య మూటలోనూ అయిపోయింది.

“నాలుగు సూతుల డబ్బా తే” అన్నాడు నాన్న.

తెచ్చాను. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు అరంగుళం కంటే కొంచెం సన్నం. దానికి అరంగుళం నట్టు పెడితే మొదటి రెండు చుట్లూ లొడలొడలాడుతూ తిరుగుతుంది. తర్వాత పళ్ళు అడ్డం పడి పట్టేస్తుంది. అక్కడ పానా వేసి తిప్పితే గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. లోపల మాత్రం ఒకటీ రెండూ పళ్ళే ఆనుతాయి, మిగతావి చెక్కేసుకుపోతాయి. నాన్న బలంగా పానా తిప్పుతుంటే బోల్టు మీంచి సన్నటి ఇనప రజను రాలింది.

బుద్రయ్య వంగి చూశాడు. “నాయుడుబాబూ, మర కలవలేదు. అది పట్టడం కాదు, కొరకడం. ఘాటులో ఊడిపోతాది. ఇశాకపట్నం నుంచి నట్టు తెప్పిద్దుం. రేపు బండి ఆపేద్దుం.”

“సంతనాడు బండి ఆపితే రేపట్నుంచి ఆడు ఇటు వత్తాడేటి? నాకు మర నేర్పుతావా నువ్వు?” నాన్న బండి కింద నుంచి లేచాడు. “గుంటా, నువ్వు సూసి సెప్పు. గట్టిగా ఉందా లేదా?”

నేను కింద కూర్చుని రెండో నట్టుని చేత్తో ఆడించాను. దాన్నింకా పానాతో దించలేదు. అది నా వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊగింది. ఊగిందని నాకు తెలుసు. బుద్రయ్య నా మొహం వైపు చూస్తున్నాడు. అతను చెప్పిందే నేనూ చెప్పాలి. నాన్న ముందు, అతనిదే సరైన మాట అని. “బాగానే ఉంది నాన్నా” అన్నాను. నాన్నంటే భయం ఒక్కటే అయితే ఈ పాటికి నన్ను నేను ఒప్పించుకుని ఉండేదాన్ని. బుద్రయ్య ఓడిపోవాలని కూడా ఉంది నాకు.

నాన్న రెండోదీ బిగించి ఇంటికెళ్ళి పడుకున్నాడు. అప్పన్న తిరిగొచ్చేసరికి షెడ్డులో బుద్రయ్యా నేనూ ఉన్నాం. బుద్రయ్య తాళం ఇస్తూ, “నిమ్మదిగా ఎల్లు. రేపు ఎక్కువ మందిని ఎక్కించకు. ఆ నట్టు నాకు నచ్చలేదు” అన్నాడు. అప్పన్న నవ్వి, “నువ్వు బిగించినాక నాకేటి బయ్యం” అన్నాడు. బుద్రయ్య నోరు తెరిచి, నా వైపు చూసి, ఊరుకున్నాడు.

శుక్రవారం సంత నుంచి తిరిగి వెళ్తూ జీపు రెండో మలుపులో లోయ వైపు పోయింది. ఒక పక్క నట్టులు వదిలేసి ఇరుసు వెనక్కి జరిగితే చక్రం మాట వినదు. అప్పన్న కాళ్ళు రెండూ విరిగాయి. గురుబారి అనే ఆవిడ బండి కింద పడి అక్కడికక్కడే పోయింది. ఇరవై ఆరేళ్ళు. ఒళ్ళో చంటి పిల్లాడు ఎగిరి పొదల్లో పడి బతికాడు. నాన్న ఆ కబురు విని అన్నం ముందు నుంచి లేవలేదు. కంచం నెట్టేసి కూర్చున్నాడంతే. నాయనమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, “మీ అయ్యని పట్టుకుపోతే ఈ కొండ మీద మనకెవులున్నారే? నోరు మూసుకో” అంది. ఆవిడ నోట్లో ఆ పూట చుట్ట లేదు. అంత స్పష్టంగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

సోమవారం పొద్దున్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు, వెంట ఇద్దరు పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు చేతిలో ఆ బోల్టు, పళ్ళు అరిగిపోయిన నట్టు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, ఇది ఎవరు బిగించారని అడిగాడు.

“నా దగ్గర పని సేసే బుద్రయ్య అండి. నాను ఆ పూట షెడ్డులో లేను. కావాలంటే మా గుంటని అడగండి” అన్నాడు నాన్న. ఆయన గొంతులో అంత వినయం ఎక్కడ దాచుకున్నాడో.

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. “ఆ పూట మీ నాన్న ఉన్నాడామ్మా?”

“లేరండి.”

అంతే. ఒక్క మాట. అప్పన్న కూడా ఆస్పత్రిలో, తాళం తీసుకున్నదీ ఇచ్చిందీ బుద్రయ్యేనని చెప్పాడట. అతను చూసింది అదే.

బుద్రయ్య ముందుకొచ్చాడు. “బాబూ, నేను సూసి సెప్పినాను. ఈ మర ఆ మర కలవవు అని సెప్పినాను. అప్పన్నకీ సెప్పినాను నిమ్మదిగా ఎల్లమని.”

ఇన్‌స్పెక్టరు నట్టుని చేతిలో తిప్పుతూ, “అయితే కలవదని నీకు ముందే తెలుసన్నమాట” అన్నాడు. తెలిసి బిగించినవాడి నేరం తెలియక బిగించినవాడి కంటే పెద్దదని పోలీసులకి వివరించాడు కూడా. ఆ షెడ్డులో తెలిసి మాట్లాడిన ఒకే ఒక్క మనిషికి ఆ తెలివే సంకెల అయింది. తీసుకుపోతుంటే బుద్రయ్య నాన్నని చూడలేదు. నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్ళు ఇలా ఉండేది కాదేమో. డబ్బాలో తప్పు నట్టు కనబడితే ఎలా చూసేవాడో అలా చూశాడు.

కేసు చాలాకాలం నడిచి, సాక్ష్యం చాలదని వదిలేశారని తర్వాత విన్నాను. అప్పటికి నేను విజయనగరంలో హాస్టల్లో ఉన్నాను. ఇంటర్ కట్టి పాసై, టీచరు ట్రైనింగు చేసి, మళ్ళీ కొండెక్కలేదు. పండక్కి రమ్మని నాన్న ఉత్తరం రాయించేవాడు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఒక్కటి మాత్రం నాయనమ్మ చెప్పింది. ప్రమాదం జరిగిన నెలలోనే నాన్న విశాఖపట్నం వెళ్ళి మిల్లీమీటరు పానాలు, నట్టులు మూటకట్టి తెచ్చుకున్నాడట. ఎవరితోనూ మాట్లాడకుండా గోడకి రెండో వరస డబ్బాలు పెట్టాడట. జీవితంలో ఆయన చేసిన ఒప్పుకోలు అదే. అదీ మనుషుల ముందు కాదు, గోడకి.

ఇప్పుడు అంగుళాల పానా అడిగితే హార్డ్‌వేర్ కొట్టు కుర్రాడు వింతగా చూస్తాడు. కుళాయి గొట్టాల మర ఒక్కటే ఇంకా పాత ఇంగ్లీషు లెక్కలో మిగిలింది. ఎక్కడ కొన్న బోల్టుకైనా ఎక్కడి నట్టైనా ఎక్కుతుంది, ప్రపంచం అంతవరకు బాగుపడింది. షెడ్డు ముందు నిలబడి కొత్త జీపుల్లో పాటలు పెట్టుకుని పోతున్న పిల్లల్ని చూస్తుంటే, ఈ మనుషులకి బోల్టు గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదు కదా అనిపించింది. ఒకప్పుడు కొండ మీద ఆ ఆలోచన ఒక్క మనిషి చేశాడు. అతన్ని మేం బలిపెట్టాం. డబ్బాలన్నీ పాతినుప సామాన్లవాడికి ఇచ్చేసి, మర్నాడు పాడేరు బస్సెక్కి, దిగి జీపు పట్టుకుని, రోడ్డయిపోయిన చోటి నుంచి నడిచి, బుద్రయ్య పల్లె అడిగి తెలుసుకుని వెళ్ళాను.

ఆయన ఇంటి ముందు కళ్ళంలో కాఫీ ఆరబోసి ఉంది. దాదాపు ఎనభై ఏళ్ళ మనిషి, కర్ర పారతో గింజలు తిరగేస్తున్నాడు. పోల్చుకోవడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు.

“నాయుడు సచ్చిపోనాడా?”

“పోయారు. నెలైంది.”

“మరి నువ్వెందుకొచ్చినావు?”

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, దారంతా కూడబలుక్కున్నదంతా. నట్టు వదులుగా ఉందని తెలుసని, నాన్న ఉన్నాడని తెలుసని, లేడన్నానని. ఆయన పని ఆపకుండా విన్నాడు. అయ్యాక, “ఇందులో నాకు తెలీనిది ఏటి సెప్పినావు?” అన్నాడు.

ఆయన పార ఎత్తి ఎదుటి కొండ వైపు చూపించాడు.

“నాకెందుకు సెప్తావు? గురుబారి ఊరు ఆ కొండ అవతల. ఆ ఊరోళ్ళు నా ఇంట నీళ్ళు తాగరు. నా కూతురికి ఆ పక్క సంబందం వత్తే ఇరగ్గొట్టినారు. జడ్జీ వదిలేసినాడు, ఆళ్ళు వదల్లేదు. తెలీనోళ్ళకి పోయి సెప్పు.”

“మీరూ వస్తారా?”

“నేను రాను. నేనొత్తే నిన్ను నేనే పిలిపించి సెప్పించినాననుకుంటారు.”

నాకు కోపం వచ్చింది. ఇంత వయసులో ఇంత దూరం వచ్చాను, ఒక్క మెత్తటి మాట అంటాడనుకున్నాను. కొండెక్కుతూ సగం దారిలో వెనక్కి తిరిగిపోదామని కూడా అనుకున్నాను. దోవ చూపించడానికి వచ్చిన బుద్రయ్య మనవరాలు వెనక్కి చూడకుండా పది అడుగులు ముందే నడిచింది. ఊరు కనబడగానే చేయి చాపి చూపించి, వెనక్కి వెళ్ళిపోయింది.

గురుబారి కొడుకు పేరు సోమన్న. ఆ రోజు పొదల్లో పడి బతికిన పిల్లాడు. ఇప్పుడు నలభై దాటిన మనిషి, ఇంటి ముందు మోటారు సైకిలు కడుగుతున్నాడు. నేనెవరో చెప్పేసరికి వాకిట్లో పదిమంది చేరారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి కూడబలుక్కున్న మాటలు రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక ముసలావిడ మధ్యలో ఆపి, “మరి ఆ రోజు నీ నోట్లో ఏటున్నాది?” అంది.

సోమన్న ఆవిణ్ణి ఊరుకోమన్నాడు. “మా అమ్మ బండి ఎక్కేసరికి, ఆ నట్టు నిలవదని నీకు తెలుసా?”

“తెలుసు.”

“మీ అయ్యకి?”

“తెలిసే ఉంటుంది.”

“ఆ బుద్రయ్య ముసలాయనే ఆపమన్నాడా?”

“ఆయనొక్కడే.”

అతను చేతిలో తడిగుడ్డ చాలాసేపు పిండాడు. “సిన్నప్పుడు సంతకెల్తూ ఆయన ఇంటి మీద రాళ్ళేసీవోణ్ణి. ఎయ్యమని మావయ్యలు సెప్పీవోరు. పెద్దయ్యాక కూడా ఒకసారి ఆయన కాఫీ మొక్కలు నరికినాను.” ఆ మాట నాతో అనలేదు, ఎవరితోనూ అనలేదు. గుడ్డ బండి మీద పడేసి, చొక్కా వేసుకుని, నేనొచ్చిన కాలిదారినే దిగిపోయాడు. వాకిట్లోవాళ్ళు ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి తలుపులు దగ్గరికి వేసుకున్నారు. ఎండ మండిపోతోంది. మంచినీళ్ళు కావాలా అని ఎవరూ అడగలేదు. అడగమనే హక్కు నాకూ లేదు.

రోడ్డు చేరాలంటే బుద్రయ్య కళ్ళం పక్క నుంచే దారి. నేను నెమ్మదిగా దిగి అక్కడికి వచ్చేసరికి సోమన్న కళ్ళం అంచున నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలీదు. ముసలాయన పార ఆపలేదు. సోమన్న చెప్పులు విప్పి, గోడకి ఆన్చి ఉన్న రెండో పార తీసుకుని, అటు చివర నుంచి గింజలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు. నేను వాళ్ళ పక్క నుంచే రోడ్డు వైపు నడిచాను. ఇద్దరిలో ఒక్కరు కూడా తలెత్తి చూడలేదు.